కామ్ షాఫ్ట్ బుష్‌లు మార్చడం: పాత కారు ఇంజన్ ఓవర్‌హాల్ చేయించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత అంబాసిడర్‌నో, పద్మినీనో, పెట్రోల్ జీపునో ఇంకా ప్రాణంలా చూసుకుంటున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంజన్ దించగానే పిస్టన్లు, రింగులు, క్రాంకు గురించి అందరూ ముందే అడుగుతారు. వాల్వులని తెరిచే కామ్ షాఫ్ట్ ఆనుకుని తిరిగే బుష్‌ల (కామ్ బేరింగుల) సంగతి మాత్రం పని సగంలో ఉండగా, లేత్ షాపు ముందు నిలబడినప్పుడు గుర్తొస్తుంది. అప్పుడొచ్చే సందేహాలు దాదాపు ఒకటే. అందుకే వాటిని పని నడిచే వరుసలో పెట్టాను. మీ పని ఏ దశలో ఉంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## ఇంజన్ దించకముందు

కామ్ బేరింగ్ అంటే బాల్ బేరింగ్ లాంటిదేనా?

కాదు, ఇందులో గోళీలు ఉండవు. లోపలి వైపు పల్చగా వైట్ మెటల్ (మెత్తటి బేరింగ్ లోహం) పూసిన ఉక్కు బుష్, అంటే గొట్టంలాంటి ముక్క ఇది. బ్లాకులోని రంధ్రంలో బిగుతుగా కూర్చుంటుంది. దాని మధ్యలో కామ్ షాఫ్ట్ జర్నల్ (షాఫ్ట్‌లో బుష్‌కి ఆనే నున్నటి భాగం) ఆయిల్ పొర మీద తిరుగుతుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. పైగా సిలిండర్‌లో మండే దెబ్బ దీని మీద నేరుగా పడదు. కాబట్టి క్రాంకుని మోసే మెయిన్ బేరింగుల కన్నా ఎక్కువ కాలం మన్నుతుంది.

నా బండిలో అసలు ఈ బుష్‌లు ఉన్నాయా?

ఇంజన్‌ని బట్టి ఉంటుంది. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజన్ బ్రిటన్‌కు చెందిన బీఎంసీ బి-సిరీస్ డిజైను. కామ్ షాఫ్ట్ బ్లాకులోనే ఉంటుంది, మూడు బుష్‌ల మీద తిరుగుతుంది. అదే అంబాసిడర్‌లో తర్వాత వచ్చిన ఇసుజు 1800 సీసీ ఇంజన్‌లో కామ్ పైన, హెడ్‌లో ఉంటుంది. పద్మినీ 1089 సీసీ ఇంజన్ కూడా పుష్ రాడ్ల (కామ్ కదలికని పైన వాల్వులకి చేర్చే కడ్డీల) రకమే, కామ్ బ్లాకులోనే.

పాత పెట్రోల్ జీపులో వచ్చే విల్లీస్ రకం నాలుగు సిలిండర్ల ఇంజన్ తీరు వేరు. కామ్‌కి నాలుగు చోట్ల ఆధారం ఉన్నా మార్చగలిగే బుష్ ముందుది ఒక్కటే. మిగతా మూడు చోట్ల షాఫ్ట్ నేరుగా బ్లాకు ఇనుములోనే తిరుగుతుంది. ఈ సంగతి తెలియక నాలుగు బుష్‌ల సెట్టు కోసం ఊళ్ళు తిరగొద్దు.

మారుతీ 800లో విడి బుష్‌లే ఉండవు. కామ్ నేరుగా అల్యూమినియం హెడ్‌లో తిరుగుతుంది. అక్కడ అరిగితే హెడ్ మార్చడమో, మంచి మెషిన్ షాపులో హెడ్‌నే బాగు చేయించడమో తప్ప వేరే దారి లేదు.

చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ప్రెజర్ బాగుంటుంది, వేడెక్కాక ఐడిల్‌లో పడిపోతోంది. కామ్ బుష్‌లేనా?

కావచ్చు, కానీ ముందే వాటి మీద నింద వేయకండి. మన దగ్గర రోహిణి కార్తెలో, మద్రాసు హైవే మీద గంటసేపు లాగించాక ఏ ఇంజన్‌లో అయినా ఆయిల్ పల్చబడుతుంది. ముందు ఆయిల్ లెవెల్, గ్రేడు చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఆయిల్‌లో పెట్రోల్ కలుస్తోందన్నమాట. డ్యాష్ బోర్డు మీటరును నమ్మకుండా మెకానికల్ గేజి ఒకటి తగిలించి చూడండి. తర్వాత రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు, ఆయిల్ పంపు చూడాలి. ఇవన్నీ సరిగ్గా ఉండి ప్రెజర్ తక్కువగా ఉంటే మెయిన్, బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్డు క్రాంకుని పట్టే చోటు బేరింగు), కామ్ మూడింటిలో ఎక్కడో అరుగుదల ఉన్నట్టు. ఎక్కడన్నది చెవితో తేల్చలేం, ఇంజన్ విప్పి కొలవాల్సిందే. మెయిన్, బిగ్ ఎండ్ రెండూ ఈ మధ్యే కొత్తవి వేసినా ప్రెజర్ నిలబడటం లేదంటే మాత్రం అనుమానం కామ్ బుష్‌ల మీదికే పోవాలి.

"పాత బుష్‌లు బాగానే ఉన్నాయి, ముట్టుకోవద్దు" అంటున్నారు మా మేస్త్రి. వినమంటారా?

కొలిచి చెప్పారా, చూసి చెప్పారా అని మర్యాదగా అడగండి. వైట్ మెటల్ అరుగుదల కంటికి ఆనదు. మెరుస్తూ నున్నగా కనిపించే బుష్ కూడా లిమిట్ దాటి ఉండొచ్చు. షాఫ్ట్ జర్నల్‌ని మైక్రోమీటర్‌తో, బుష్ లోపలి వ్యాసాన్ని బోర్ గేజితో కొలిచి, రెండింటి తేడా చూడాలి. బి-సిరీస్ ఇంజన్‌కి ఆ తేడా 0.001 నుంచి 0.002 అంగుళాల మధ్య, అంటే 0.025 నుంచి 0.05 మి.మీ. మధ్య ఉండాలి. మన షాపుల భాషలో ఒకటి నుంచి రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు).

దీన్ని నేను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. ఆయిల్ పంపు తోసేది ఒక మోతాదు మాత్రమే. అది మెయిన్ బేరింగులకి, బిగ్ ఎండ్‌లకి, కామ్‌కి, పైన రాకర్ షాఫ్ట్‌కి (వాల్వులని నొక్కే రాకర్లు ఉండే కడ్డీకి) అందాలి. కామ్ బుష్ దగ్గర సందు పెరిగితే ఆయిల్ అక్కడే కారిపోతుంది. పొదలకూరు నిమ్మతోటలో డ్రిప్ పైపు మధ్యలో పగిలితే చివరి చెట్లకి నీళ్ళు అందనట్టే. అప్పుడు నష్టపోయేది కామ్ కాదు, మీరు డబ్బు పోసి గ్రైండింగ్ చేయించిన క్రాంకు.

రెండో కారణం, ఈ బుష్‌లు తర్వాత చేతికి అందవు. రింగులు మార్చాలన్నా, వాల్వులు సీటింగ్ చేయించాలన్నా మళ్ళీ ఎప్పుడైనా చేసుకోవచ్చు. కామ్ బుష్ కోసమైతే ఇంజన్ మళ్ళీ పూర్తిగా దించి, చివరి బోల్టు దాకా విప్పాలి. మొత్తం ఓవర్‌హాల్ ఖర్చులో వీటి ధర చాలా చిన్నది. కాబట్టి బ్లాకు ఖాళీ చేస్తున్నారంటే మార్చేయండి. హెడ్ పని ఒక్కటే చేయిస్తుంటే, ప్రెజర్ బాగుంటే, వాటి జోలికి వెళ్ళక్కర్లేదు.

ఇంజన్ బండిలో ఉండగానే మార్చలేమా?

రేడియేటర్, ముందు గ్రిల్లు తీసి కామ్ షాఫ్ట్‌ని ముందుకు లాగడం కొన్ని బండ్లలో కుదురుతుంది. బుష్‌లు మార్చడం మాత్రం వద్దు. రీమింగ్‌లో (బుష్ లోపలి వైపుని రీమర్‌తో చెక్కి కొలతకి తేవడంలో) రాలే పొడి ఆయిల్ దారుల్లోకి పోతుంది, దాన్ని పూర్తిగా కడిగే వీలుండదు.

నెల్లూరు, ఒంగోలులో సామాను దొరుకుతుందా?

పాత బండ్ల సామాను అమ్మే షాపుల్లో ముందు అడగండి. దొరక్కపోతే నెల్లూరు వాళ్ళకి చెన్నై, ఒంగోలు వాళ్ళకి విజయవాడ ఆటోనగర్ దగ్గర. వెళ్ళేటప్పుడు ఇంజన్ నంబరు, పాత బుష్‌లు, కామ్ జర్నల్ కొలతలు రాసిన కాగితం మూడూ తీసుకెళ్ళండి. డబ్బా మీద పేరు చూసి కొనకండి. బుష్ బయటి వ్యాసం, పొడవు, ఆయిల్ రంధ్రం ఉన్న చోటు పాతదానితో పక్కపక్కన పెట్టి చూసుకోండి. వైట్ మెటల్ మీద వేలిగోరు జారిస్తే ఎక్కడా పొక్కు, గీత తగలకూడదు.

## విప్పేటప్పుడు

అన్నీ తీసేశాం, అయినా కామ్ షాఫ్ట్ బయటికి రావడం లేదు. ఏం మిగిలింది?

బలం పెట్టకండి, ఏదో ఒకటి ఇంకా పట్టుకునే ఉంది. అంబాసిడర్ 1489 ఇంజన్‌లో కామ్ షాఫ్ట్ వాల్వులతో పాటు డిస్ట్రిబ్యూటర్‌ని, ఆయిల్ పంపుని కూడా తిప్పుతుంది. డిస్ట్రిబ్యూటర్ తీసినా దాని కింద ఉన్న డ్రైవ్ స్పిండిల్ లోపలే ఉండిపోతుంది. దాన్ని విడిగా పైకి లాగాలి. కింద ఆయిల్ చాంబర్ విప్పి పంపు, దాని డ్రైవ్ షాఫ్ట్ తీయాలి. మెకానికల్ పెట్రోల్ పంపు ఉంటే అదీ తీయాలి. రాకర్ షాఫ్ట్, పుష్ రాడ్లు తీసి, బ్లాకు పక్కన ఉన్న మూతలు విప్పి, ట్యాపెట్లన్నీ (కామ్ మీద ఆని పుష్ రాడ్లని పైకి నెట్టే ముక్కలు) బయట పెట్టాలి. ముందు వైపు టైమింగ్ చైన్, స్ప్రాకెట్లు వచ్చాక లొకేటింగ్ ప్లేటు విప్పాలి.

అప్పుడు షాఫ్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని, నెమ్మదిగా తిప్పుతూ, అడ్డంగా వాలకుండా లాగండి. కామ్ లోబు (షాఫ్ట్ మీది ఉబ్బెత్తు భాగం) అంచు తగిలితే బుష్ గీసుకుపోతుంది. బుష్‌లు ఎలాగూ మార్చేవే అయినా లోబు అంచు చిట్లితే షాఫ్టే పోతుంది.

ట్యాపెట్లు అన్నీ ఒకే డబ్బాలో వేసేశాం. ఇప్పుడెలా?

పాత కామ్ షాఫ్ట్‌నే మళ్ళీ వేస్తుంటే ఇది పెద్ద సమస్యే. ప్రతి ట్యాపెట్ తన లోబుతో కలిసి అరిగి ఉంటుంది. స్థానం మారితే రెండూ త్వరగా తినేసుకుంటాయి. కలిసిపోయాయంటే కొత్త ట్యాపెట్లు కొనడమే మంచిది. ఇంకా విప్పనివాళ్ళు ఒక అట్టముక్కకి ఎనిమిది రంధ్రాలు చేసి, నంబర్లు వేసి, తీసింది తీసినట్టు అందులో గుచ్చండి.

పాత బుష్‌ని ఉలితో కొట్టి తీయొచ్చా?

తీయొద్దు. ఉలి మొన బ్లాకు రంధ్రాన్ని గీస్తే కొత్త బుష్ సరిగ్గా కూర్చోదు. పొడవాటి మరల రాడ్డు, బుష్ కన్నా కొంచెం సన్నటి మెట్టు ఉన్న డ్రిఫ్టు, అవతల ఆనడానికి గొట్టం ముక్క, నట్టు ఉంటే చాలు. నట్టు బిగిస్తూ పోతే బుష్ తిన్నగా బయటికి వస్తుంది. ఈ డ్రిఫ్టు ఏ లేత్ షాపులోనైనా తిప్పి ఇస్తారు. బుష్‌ని లాక్ చేసే స్క్రూలాంటిది ఉందేమో ముందే చూసుకోండి.

తీసిన బుష్‌లు పారేయొచ్చా?

పని అయ్యేదాకా ఉంచండి. అవి ఇంజన్ ఎలా నడిచిందో చెబుతాయి. కింది భాగంలో ఎక్కువ అరగడం మామూలే, వాల్వు స్ప్రింగులు షాఫ్ట్‌ని ఎప్పుడూ కిందికే నొక్కుతుంటాయి. ముందు బుష్ మీద చైను లాగుడు కూడా పడుతుంది. చుట్టూ సన్నటి గీతలుంటే ఆయిల్‌లో దుమ్ము తిరిగిందన్నమాట. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారుల్లో తిరిగే బండ్లకి ఇది ఎక్కువ. వాళ్ళు ఎయిర్ ఫిల్టరు, ఆయిల్ పోసే మూత, బ్రీదరు పైపు కూడా ఈసారి సరిచేయించాలి. వైట్ మెటల్ పెచ్చులుగా లేచిపోతే ఆయిల్ అందక వేడెక్కిందనో, మెటల్ అలసిపోయిందనో అర్థం. మూడు బుష్‌లలో ఒకటే ఒక అంచున అరిగితే లైను తప్పిందేమో కొలిపించాలి.

బ్లాకుని కాస్టిక్ తొట్టిలో ముంచి కడుగుతామన్నారు. బుష్‌లు ఉంచి ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు, వేడి కాస్టిక్‌లో వైట్ మెటల్ పాడవుతుంది. ఆయిల్ గ్యాలరీ (బ్లాకు లోపలి ఆయిల్ దారి) చివర్లలో ఉన్న ప్లగ్గులు కూడా తీయించండి. లోపల గట్టిపడిన మడ్డి ప్లగ్గు వెనకే దాక్కుంటుంది. కనిగిరి, పొదిలి వైపు ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోసిన బండ్లకైతే వాటర్ జాకెట్‌లో ఉప్పు గార పేరుకుని ఉంటుంది. కోర్ ప్లగ్గులు తీసి అదీ గోకించాలి. కడిగిన బ్లాకుకి వెంటనే ఆయిల్ పూయండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ళలో తెల్లారేసరికి సిలిండర్ గోడల మీద ఎర్రటి తుప్పు కనిపిస్తుంది.

## కొత్త బుష్‌లు ఎక్కించేటప్పుడు

మూడు బుష్‌లూ ఒకటేనా?

కాదు. అంబాసిడర్ 1489లో ముందుది పెద్దది, మధ్యది కొంచెం చిన్నది, వెనకది అన్నిటికన్నా చిన్నది. షాఫ్ట్ ముందు నుంచి లోపలికి పోవాలి కాబట్టి అలా చేశారు. ముందు నుంచే ఎక్కిస్తుంటే మొదట వెనకది, తర్వాత మధ్యది, చివరికి ముందుది.

బుష్‌లో ఆయిల్ రంధ్రం, బ్లాకులో రంధ్రం సగం కలిశాయి. ఫర్వాలేదా?

ఫర్వాలేదు అనుకుని బిగించిన ఇంజన్లే తిరిగి వస్తాయి. ఈ పని మొత్తంలో ఒక్కచోటే ఆగి చూడగలరనుకుంటే ఇక్కడ ఆగండి. రంధ్రం పూర్తిగా కలవాలి. కలవకపోతే ఆ జర్నల్‌కి ఆయిల్ అందదు. చాలా ఇంజన్లలో పైన రాకర్ షాఫ్ట్‌కి వెళ్ళే ఆయిల్ కూడా ఒక కామ్ బుష్ గుండానే పోతుంది. అది మూసుకుంటే కామ్ ఒక్కటే కాదు, రాకర్లు కూడా ఎండిపోతాయి.

ఎక్కించకముందే బ్లాకు ముఖం మీద రంధ్రానికి ఎదురుగా మార్కర్‌తో గీత గీయండి. బుష్ అంచు మీద కూడా దాని రంధ్రానికి ఎదురుగా గీత గీయండి. రెండు గీతలూ కలిసేలా పట్టి లాగండి. బుష్ కూర్చున్నాక మెయిన్ బేరింగ్ ఆనే చోట ఉన్న రంధ్రంలోంచి డ్రిల్ బిట్టు కాడను, మొన వైపు కాకుండా నున్నటి వైపు, దూర్చి చూడండి. అడ్డం తగలకుండా బుష్ లోపలికి రావాలి. టార్చి వేసి చూడండి, తర్వాత కిరసనాయిలు పోసి అవతల ధారగా వస్తోందో లేదో చూడండి. చుక్కలుగా వస్తే సగం మూసుకున్నట్టే. అప్పుడు బుష్ తీసి కొత్తది వేయడమే మేలు. లోపలే డ్రిల్ పెట్టి రంధ్రం పెద్దది చేస్తే వైట్ మెటల్ అంచు లేచి జర్నల్‌ని గీస్తుంది.

సుత్తి, చెక్కముక్కతో కొట్టి ఎక్కించొచ్చా?

బుష్ వంకరగా మొదలైతే అంచు మడతపడుతుంది, ఒక పక్క మెటల్ చెక్కుకుపోతుంది. తీయడానికి చేయించుకున్న రాడ్డు, డ్రిఫ్టుతోనే లాగి కూర్చోబెట్టండి. బ్లాకు రంధ్రం అంచు పదునుగా ఉంటే ముందు నునుపు చేసి, బుష్ బయటి వైపు పల్చగా ఆయిల్ రాయండి.

కొత్త బుష్ చేతితో తోస్తేనే లోపలికి పోతోంది. లాక్‌టైట్ పెడితే సరిపోతుందా?

సరిపోదు. పాత బుష్ ఎప్పుడో లోపలే తిరిగి బ్లాకు రంధ్రాన్ని పెద్దది చేసి ఉండొచ్చు. బంక పెట్టినా, బుష్ వెనక పంచ్ గుర్తులు కొట్టినా వేడికి మళ్ళీ తిరుగుతుంది, తిరిగిందంటే ఆయిల్ రంధ్రం మూసుకుంటుంది. బ్లాకు రంధ్రాన్ని గుండ్రంగా బోర్ చేయించి, బయటి వ్యాసం పెద్దగా ఉన్న బుష్ తయారు చేయించాలి.

రీమింగ్ తప్పనిసరా? నేరుగా షాఫ్ట్ వేసేయకూడదా?

బి-సిరీస్ ఇంజన్‌కి తప్పనిసరి. బుష్‌ని బిగుతుగా లోపలికి నొక్కినప్పుడు దాని లోపలి వ్యాసం కుంచించుకుంటుంది. పైగా మూడు బుష్‌ల కేంద్రాలూ ఒకే గీతలో ఉండాలి. ఒక్కోదాన్ని విడివిడిగా రీమ్ చేస్తే సైజు కుదురుతుంది గానీ గీత కుదరదు. మూడింటిలోనూ ఆనుకుని తిరిగే లైన్ రీమర్ ఉన్న షాపుకే ఇవ్వండి. "మీ దగ్గర లైన్ రీమర్ ఉందా" అని ముందే ఫోన్ చేసి అడగండి. కొన్ని కంపెనీల బుష్‌లు రీమింగ్ అక్కర్లేదని వస్తాయి. అలాంటివైనా నొక్కాక కొలవాల్సిందే.

కొలత ఉదయం పూట తీయించండి. మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న బ్లాకుని, ఫ్యాను కింద ఉన్న షాఫ్ట్‌నీ కొలిస్తే తేడా తప్పు వస్తుంది. రెండూ రాత్రంతా ఒకే గదిలో ఉండాలి. మెయిన్ బేరింగులకి వాడే ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుతో సందు చెప్పే ప్లాస్టిక్ దారం) ఇక్కడ పనిచేయదు. బుష్ ఒకే ముక్క కాబట్టి విప్పి చూసే వీలు లేదు.

షాఫ్ట్ పెడితే బిగుసుకుపోతోంది. ఎమరీ పేపర్‌తో రుద్దమంటారా?

వద్దు. ఎమరీ రజను మెత్తటి వైట్ మెటల్‌లో దిగబడిపోతుంది, కడిగినా రాదు. ఆ బుష్ ఇక షాఫ్ట్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది. ముందు బిగుతు ఎక్కడో కనిపెట్టండి. జర్నల్స్‌కి ఇంజినీర్స్ బ్లూ పల్చగా రాసి, షాఫ్ట్ దూర్చి, ఒక్కసారి తిప్పి తీయండి. బుష్‌లో నీలం అంటిన చోటే పట్టేస్తోంది. చిన్న మచ్చ అయితే అనుభవమున్న మేస్త్రి స్క్రేపర్‌తో తీసేస్తారు. చుట్టూ అంటితే మళ్ళీ రీమర్ పడాలి. షాఫ్ట్ వంగి ఉండొచ్చు కూడా, వి-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజితో చూపించండి. చివరికి ఆయిల్ రాసిన షాఫ్ట్, స్ప్రాకెట్ పట్టుకుని రెండు వేళ్ళతో తిప్పితే ఆగకుండా తిరగాలి.

బుష్‌లతో పాటు కామ్ షాఫ్ట్ కూడా మార్చాలా?

జర్నల్స్ గీతలు లేకుండా కొలతలో ఉండి, లోబుల ఎత్తు సమానంగా ఉంటే అక్కర్లేదు. లోబు మొన చదునుగా అరిగినా, గుంటలు పడినా మార్చండి. కొత్త షాఫ్ట్ వేస్తే ట్యాపెట్లు కూడా కొత్తవే వేయాలి, ఇందులో మినహాయింపు లేదు.

## బిగించేటప్పుడు, మొదటి స్టార్ట్

షాఫ్ట్ ముందుకీ వెనక్కీ కొంచెం కదులుతోంది. తప్పా?

కొంత కదలాలి. బి-సిరీస్‌లో ఈ ఎండ్ ప్లే 0.003 నుంచి 0.007 అంగుళాల మధ్య ఉండాలి. ఎక్కువైతే లొకేటింగ్ ప్లేటు మార్చండి.

టైమింగ్ గుర్తులు ఎలా కలపాలి?

రెండు స్ప్రాకెట్ల మీద ఉన్న చుక్కలు ఒకదానికొకటి ఎదురెదురుగా, రెండు షాఫ్టుల కేంద్రాలని కలిపే గీత మీద ఉండాలి. చైను వేశాక క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్ళీ చూడండి. కామ్ వెనక చివర ప్లగ్గు ఉండే ఇంజన్ అయితే, గేర్ బాక్స్ ఎక్కించకముందే అది సరిగ్గా కూర్చుందో చూసుకోండి. అక్కడ ఆయిల్ కారితే క్లచ్ తడుస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదిలేయొచ్చా?

కొత్త కామ్, కొత్త ట్యాపెట్లు అయితే వదలకూడదు. లోబులకి ఆయిల్ ఎక్కువగా క్రాంకు విసిరే తుంపరల నుంచే అందుతుంది. ఐడిల్‌లో ఆ తుంపర చాలదు. బిగించేటప్పుడే లోబులకి, ట్యాపెట్ అడుగులకి మాలిబ్డినం ఉన్న అసెంబ్లీ పేస్టు, జర్నల్స్‌కి ఇంజన్ ఆయిల్ రాయండి. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, గేజిలో ప్రెజర్ కనిపించేదాకా సెల్ఫ్ కొట్టండి. అంతా సిద్ధమయ్యాక ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేసి, వెంటనే 2000 ఆర్పీఎం దగ్గరికి తెచ్చి, కొంచెం పెంచుతూ తగ్గిస్తూ 20 నిమిషాలు నడపండి. రేడియేటర్ ముందు పెద్ద ఫ్యాను పెట్టుకోండి. మన ఎండల్లో కదలని బండిలో నీళ్ళు త్వరగా మరుగుతాయి. వేడి పెరిగితే ఆపి, చల్లారాక మిగతా నిమిషాలు పూర్తి చేయండి.

ఏ ఆయిల్ పోయాలి? షాపతను కొత్త కార్ల సింథటిక్ ఇస్తున్నాడు.

పాత ట్యాపెట్ల ఇంజన్‌కి జింక్, ఫాస్ఫరస్ ఉన్న అడిటివ్ కావాలి. కొత్త కార్ల కోసం వచ్చే 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా ఫాస్ఫరస్‌కి పరిమితి పెట్టారు. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడులకి ఆ పరిమితి లేదు. మన వేడికీ, ఈ ఇంజన్ సందులకీ 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ సరిగ్గా సరిపోతుంది.

స్టార్ట్ చేశాం, గేజి లేవడం లేదు. ఎంతసేపు చూడాలి?

పది సెకన్లకి మించి చూడొద్దు, ఆపేయండి. గేజి పైపులో గాలి ఉందేమో, ఫిల్టరు రబ్బరు సరిగ్గా కూర్చుందో, పంపు పికప్ పైపు దగ్గర గాలి పీలుస్తోందేమో చూడండి. తర్వాత కడగడానికి తీసిన గ్యాలరీ ప్లగ్గులన్నీ తిరిగి పెట్టారో లేదో లెక్కపెట్టుకోండి. టైమింగ్ కవర్ లోపల ఉండే ప్లగ్గు మర్చిపోతే ఆయిల్ అంతా చాంబర్లోకే కారిపోతుంది, బయట చుక్క కూడా కనిపించదు.

మొదటి ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

ఆ 20 నిమిషాల పరుగు అయిపోగానే ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చండి. తర్వాత 500 కిలోమీటర్లకి ఇంకోసారి. తీసిన ఫిల్టరుని కోసి, కాగితం మడతలు తెల్ల గుడ్డ మీద విప్పి చూడండి. బూడిద రంగు సన్నటి నుసి కొంచెం ఉంటే మామూలే. అయస్కాంతానికి అంటుకోని మెరిసే రేకులు కనిపిస్తే బుష్ వైట్ మెటల్ ఊడుతున్నట్టే, బండి మళ్ళీ రోడ్డెక్కకముందే చాంబర్ విప్పించండి.